వీణ ఆగాక సీపీయూ పైకెక్కుతోందా? డీనార్మల్స్ సంగతి చూడండి

సమస్య

విజయనగరంలో రికార్డు చేసిన బొబ్బిలి వీణ ట్రాక్‌కి మీరు రాసిన రివెర్బ్ ప్లగిన్ తగిలించారు. తీగ మోగుతున్నంతసేపూ సీపీయూ మీటర్ బుద్ధిగానే ఉంటుంది. నాదం పూర్తిగా అణిగిన కొన్ని సెకన్లకి మీటర్ ఎగబాకి, మిగతా ట్రాకులు కూడా తెగితెగి వినిపిస్తాయి. మళ్లీ మీటగానే దిగిపోతుంది. వాయిస్తున్నప్పుడే భారం ఎక్కువైతే ఇది కాదు, బఫర్ సైజు చూసుకోండి.

మైకు రొద ఉన్న పచ్చి రికార్డింగ్‌లో ఇది బయటపడదు. నాయిస్ గేట్ (సన్నని శబ్దాన్ని పూర్తిగా మూసేసే సాధనం) వేసి ఇన్‌పుట్‌ను అచ్చంగా సున్నా చేశాకే మొదలవుతుంది.

కారణం

32 బిట్లలో దశాంశ సంఖ్యలు రాసే సింగిల్ ప్రెసిషన్‌లో మామూలు సంఖ్యల అడుగు (సున్నా కాని అతిచిన్న విలువ) 1.18 × 10⁻³⁸. అంతకంటే చిన్నవి డీనార్మల్స్. చాలా ఇంటెల్ చిప్పులు వీటిని మైక్రోకోడ్‌కి (చిప్పు లోపలి నిదానమైన చిన్న ప్రోగ్రామ్‌కి) అప్పగిస్తాయి. నాలుగైదు సైకిళ్ల గుణకారానికి వందకు పైగా పడతాయి.

లోపలి ఫిల్టర్ ప్రతి శాంపిల్‌కీ విలువను 0.999తో గుణిస్తోందనుకోండి. 44,100 హెర్ట్జ్ వద్ద 1.0 నుంచి ఆ అడుగుకి చేరడానికి సుమారు 87,300 శాంపిళ్లు, అంటే రెండు సెకన్లు. అక్కడినుంచి సున్నాకి పోతుందా అంటే, పోదు. 10⁻⁴² కంటే కాస్త దిగువన రౌండింగ్ వల్ల గుణించిన ప్రతిసారీ పాత విలువే తిరిగొస్తుంది. అందుకే భారం తనంతట తాను తగ్గదు. డబుల్ ప్రెసిషన్‌కి (64 బిట్లకి) మారితే జబ్బు పోదు, 16 సెకన్లకి వాయిదా పడుతుంది, అంతే.

నిర్ధారణ

ఫీడ్‌బ్యాక్ లూపులో 10⁻²⁰ స్థాయి నాయిస్ కలపండి. చెవికి ఆనదు. మీటర్ దిగితే రోగం ఇదే.

పరిష్కారం

డీనార్మల్స్‌ను సున్నాగా తీసుకోమని చిప్పుకే చెప్పాలి. ఇంటెల్ చిప్పుల్లో దశాంశ లెక్కల తీరును నిర్ణయించే ఎమ్‌ఎక్స్‌సీఎస్‌ఆర్ రిజిస్టర్‌లో 15వ బిట్ (ఫ్లష్ టు జీరో), 6వ బిట్ (డీనార్మల్స్ ఆర్ జీరో) రెండూ పెట్టండి. హెక్సాలో 8040తో ఓఆర్ చేస్తే చాలు. ఆర్మ్ 64 బిట్ చిప్పుల్లో అయితే అలాంటిదే అయిన ఎఫ్‌పీసీఆర్ రిజిస్టర్‌లో 24వ బిట్.

ఎక్కువమంది తప్పేది చోటు దగ్గర. ఈ సెట్టింగ్ ఏ థ్రెడ్‌కి ఆ థ్రెడ్‌దే. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లో పెడితే అప్పటికే నడుస్తున్న ఆడియో థ్రెడ్‌కి అంటదు. ఆడియో కాల్‌బ్యాక్ (ప్రతి బఫర్‌కీ నడిచే మీ ఫంక్షన్) మొదట్లో పెట్టి, బయటికొచ్చేముందు పాత విలువ తిరిగి రాయండి, లేకపోతే హోస్ట్ ప్రోగ్రామ్ (మీ ప్లగిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లెక్కలు కూడా మారిపోతాయి.

కంపైలర్ ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగుతో సరిపెట్టకండి, అది నాన్ (NaN, సంఖ్య కాని విలువ) తనిఖీలను కూడా ఎగరగొడుతుంది.