సెస్నా 172లో ఇంధన పరీక్ష, మిక్స్చర్ సర్దుబాటు

కార్బ్యురేటర్ (గాలిలో ఇంధనాన్ని కలిపే భాగం) ఇంజిన్ ఉన్న సెస్నా 172 అనే చిన్న విమానంలో రోజు తొలి ప్రయాణానికి ముందూ, ఇంధనం నింపిన ప్రతిసారీ, రెక్కల్లోని ట్యాంకుల అడుగు నుంచీ ఇంజిన్ దగ్గరి ఇంధన ఫిల్టరు నుంచీ కొంత ఇంధనాన్ని పారదర్శకమైన గొట్టంలోకి వదిలి, వెలుతురులో పరిశీలించాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారుతుంది, మూత సీలు పాడైతే వాననీరూ దిగుతుంది. ఇంధనం కంటే బరువైన నీరు గొట్టం అడుగున చేరి, మధ్యలో స్పష్టమైన గీత ఏర్పడుతుంది. అయితే గొట్టం నిండా నీరే వస్తే ఆ గీత ఉండదు, తేటగా ఉంది కదా అని పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఇందులో వాడే 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు నీలంగా ఉంటుంది కాబట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి రంగు చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. నీరు కనిపిస్తే శుభ్రమైన ఇంధనం వచ్చేవరకు వదలాలి. అప్పటికీ ఆగకపోతే విమానాన్ని మెకానిక్‌కు అప్పగించాలి.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-ఇంధన మిశ్రమంలో (మిక్స్చర్) ఇంధనం పాలు ఎక్కువవుతుంది. స్థిరమైన ఎత్తులో, ఇంజిన్ శక్తి గరిష్ఠంలో 75 శాతానికి మించనప్పుడు, ఎర్ర మిక్స్చర్ నాబ్‌ను మెల్లగా వెనక్కి లాగి ఇంధనం తగ్గిస్తే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) కొద్దిగా పెరిగి, ఆపై పడిపోతూ ఇంజిన్ అదురుతుంది. అదురు పోయేవరకు నాబ్‌ను ముందుకు తోయాలి. కిందికి దిగుతున్నప్పుడు మిశ్రమాన్ని క్రమంగా చిక్కబరచాలి, అంటే ఇంధనం పాలు పెంచాలి.