కన్నడ నేర్పేవాళ్ళు నేర్చుకునే పద్ధతి కూడా నేర్పాలి

బెంగళూరు మారతహళ్ళిలో, మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో శనివారం సాయంత్రాలు తెలుగువాళ్ళకి కన్నడ చెబుతుంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చిన పిల్లలు, నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చేసిన ఒక పెద్దావిడ, స్కూల్ వ్యాన్ నడిపే ఒకతను, ఇలా అందరూ వస్తారు. వారానికి ఒక గంటే పాఠం. మిగతా వారమంతా వాళ్ళు కన్నడ మధ్యలోనే తిరుగుతుంటారు, కానీ దాన్ని ఎలా వాడుకోవాలో తెలియదు. అందుకే పాఠంలో కొంత సేపు నేర్చుకోవడం ఎలాగో నేర్పడానికే తీసిపెడతాను. మీరు ఎవరికి ఏ భాష నేర్పుతున్నా ఈ పని చేయండి.

దీని మీద ఉపన్యాసం మాత్రం వద్దు. "రోజూ రివిజన్ చేయండి, భయపడకుండా మాట్లాడండి" అంటే అందరూ తలూపి ఇంటికెళ్ళిపోతారు. వారానికి ఒక్క పద్ధతి తీసుకుని, మీ మనసులో నడిచే ఆలోచనంతా పైకే అంటూ వాళ్ళ ముందు చేసి చూపించండి. నేను బోర్డు మీద 'బాళెహణ్ణు' అని రాసి, ఆ మాట నాకు తెలియనట్టే మొదలుపెడతాను. "ఇది పండ్ల బండి మీద కనిపించింది. పాలని ఇక్కడ హాలు అంటున్నారు, పులిని హులి, పాముని హావు. మన 'ప' ఉన్నచోట 'హ' వస్తోంది. అయితే హణ్ణు అంటే పండు అయ్యుండాలి. పక్కన అరటిపళ్ళే ఉన్నాయి, సరిపోయింది." తర్వాత హంది, హూవు ఇచ్చి వాళ్ళని పైకి ఆలోచించమంటాను. పంది, పువ్వు వాళ్ళంతట వాళ్ళకే దొరుకుతాయి. ఆ సంతోషం చూసి తీరాలి. వెంటనే హద్దు కూడా చూపించాలి. సంస్కృతం నుంచి వచ్చిన పుస్తక, పాఠ లాంటివి అలా మారవు. ఊట అంటే ఇక్కడ భోజనం, నీటి ఊట కాదు. ఊహించడం ఎంత ముఖ్యమో, ఆ ఊహని ఎవరినైనా అడిగి సరిచూసుకోవడం అంతే ముఖ్యమని అప్పుడే చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేను పుస్తకం మూసి గుర్తు చేసుకోవడానికి ఇస్తాను. చదువుకున్నవాళ్ళందరికీ నోట్సు పదేపదే చదివే అలవాటు ఉంటుంది. చదువుతుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. భాష కావలసింది వారం తర్వాత, బస్సులో కండక్టర్ అడిగినప్పుడు. అందుకని పాఠం చివర అందరి చేతా నోట్సు మూయించి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయిస్తాను. తర్వాత నోట్సు తెరిచి, వదిలేసినవి ఎర్ర ఇంకుతో నింపాలి. ఆ ఎర్ర మాటలే ఆ వారం హోంవర్క్. మొదట్లో చాలామందికి టెన్షన్, "ఏమీ గుర్తు రావట్లేదండీ" అంటారు. గుర్తు రాక తంటాలు పడే ఆ కాస్త సేపట్లోనే మాట గట్టిపడుతోందని అక్కడికక్కడే చెప్పాలి. లేకపోతే ఆ పద్ధతిని ఇంటి దగ్గర మానేస్తారు.

మరచిపోవడం మొదట్లో వేగంగా ఉంటుందని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశారు. దానికి మందు కార్డుల డబ్బా. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చెప్పుల అట్టపెట్టెలో మూడు అరలు చాలు. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. చెప్పగలిగితే కార్డు తర్వాతి అరలోకి, చెప్పలేకపోతే మొదటి అరలోకే వస్తుంది. ముందు వైపు తెలుగు, వెనక కన్నడ ఉండాలి, ఎందుకంటే నోట్లోంచి రావలసింది కన్నడ. విడి మాటలు కాకుండా "ఎష్టాయ్తు?" (ఎంతయింది?), "చిల్లరె ఇల్ల" (చిల్లర లేదు) లాంటి చిన్న వాక్యాలు రాయించండి. నెల్లూరు ఆవిడ పాత శుభలేఖలు కత్తిరించి కార్డులు చేసుకున్నారు. ఫోన్ మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ఇలాంటి కార్డులే చూపించే ఆంకీ అనే యాప్ ఉంది.

వ్యాన్ నడిపే అతనికి కార్డులు కుదరవు. ఫోన్‌లో తెలుగు వాక్యం, కాసేపు ఖాళీ, తర్వాత కన్నడ వాక్యం, ఇలా రికార్డు చేసిచ్చాను. పిల్లలని దింపి వచ్చేటప్పుడు ఆ ఖాళీలో తను చెప్పి, తర్వాత వచ్చేదానితో సరిచూసుకుంటాడు. ఖాళీ లేకుండా వింటే అది నోట్సు చదవడంతో సమానం.

ఇక ఊళ్ళో మాట్లాడటం. బెంగళూరులో తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన యాస వినగానే అంగడివాళ్ళు ప్రేమగా తెలుగులోకి దిగిపోతారు. అందుకని "కన్నడ కలీతా ఇద్దీని, కన్నడదల్లే మాతాడి" (కన్నడ నేర్చుకుంటున్నాను, కన్నడలోనే మాట్లాడండి) అన్న వాక్యం మొదటి వారమే నోటికి పట్టిస్తాను. దానితో పాటు "ఇన్నొందు సల హేళి" (ఇంకోసారి చెప్పండి), "స్వల్ప నిధానవాగి హేళి" (కొంచెం నెమ్మదిగా చెప్పండి) కూడా. మాట అర్థం కానప్పుడు పారిపోకుండా నిలబడే ధైర్యం వీటివల్ల వస్తుంది. పని చిన్నదిగా ఇవ్వండి: ఈ వారం కూరల బండి దగ్గర ధర అడిగి, "స్వల్ప కడిమె మాడి" (కొంచెం తగ్గించండి) అనాలి. వెళ్ళేముందు అవతలివాళ్ళు ఏమంటారో ఊహించుకోవాలి. వచ్చాక అర్థం కాని ఒక్క మాట రాసుకోవాలి, అంతే. మెట్రోలో "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) తర్వాత వచ్చే పేరు వినడం, బస్సు బోర్డు కన్నడలోనే చదవడం లాంటివి సిగ్గరులకి మంచి మొదలు. లిపి మన లిపికి దగ్గరిదే, బోర్డులతోనే చాలావరకు వచ్చేస్తుంది.

తప్పులని ఒక్కొక్కటిగా పట్టించండి. తెలుగులో అమ్మకైనా బస్సుకైనా 'వచ్చింది' సరిపోతుంది కాబట్టి మనవాళ్ళు "అమ్మ బంతు" అనేస్తారు. కన్నడలో అది బస్సుకి. ఆడమనిషికి 'బంద్ళు', గౌరవంగా 'బందరు'. ప్రతివాళ్ళూ తమ తప్పు ఒకటి పేజీ పైన రాసుకుని ఆ వారం దాన్ని మాత్రమే కనిపెట్టుకోవాలి. మిగతావి నేనూ దిద్దను.

తర్వాతి శనివారం "ఎంత వచ్చింది?" అని అడగకండి. "ఏం చేశారు, ఎప్పుడు చేశారు, పనికొచ్చిందా?" అని అడగండి. ఒకరికి కుదరనిది ఇంకొకరికి కుదురుతుంది, కుదరనిదాన్ని నిరభ్యంతరంగా వదిలేయనివ్వండి. కొన్ని నెలలయ్యాక పద్ధతి మీరు చెప్పడం ఆపి, "ఈ వారం ఏం చేద్దామనుకుంటున్నారు?" అని వాళ్ళనే అడగండి. మొదట కాసేపు ఎవరూ మాట్లాడరు. తొందరపడి అందించకుండా ఆగండి, చెబుతారు.