టిల్లీ బండ్ల లెక్క తేల్చడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన చిన్న పికప్ బండిని టిల్లీ అనేవారు. ముందు సగం మామూలు కారు, వెనక తొట్టి, దాని మీద కాన్వాస్ కప్పు. ఎన్ని తయారయ్యాయి, ఇప్పుడు ఎన్ని మిగిలాయి అని వెతికేవాళ్లు నెట్‌లో కనిపించిన మొదటి అంకెను పట్టుకుని కూర్చుంటారు. పని ఇలా చేయాలి.

ముందు ఒక్క కంపెనీని ఎంచుకోండి. ఆస్టిన్, మోరిస్, హిల్‌మన్, స్టాండర్డ్ నాలుగూ చేశాయి. నాలుగింటినీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు ఏదీ పూర్తి చేయరు. ఆస్టిన్‌తో మొదలుపెట్టండి, బండ్లూ ఎక్కువే, ఫోటోలూ ఎక్కువే.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. ఒక్కో బండికి ఒక్కో అట్ట కార్డు, పెన్సిల్, ఫోన్ కెమెరా. ఎక్సెల్ షీట్ వద్దు. షీట్‌లో ఖాళీ గడి కనిపిస్తే చేయి ఊరుకోదు, ఊహించి నింపేస్తుంది. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (బ్రిటిష్ ప్రభుత్వ పాత కాగితాలు ఉండే చోటు) ఎలాగూ పెన్ను తీయనివ్వరు. ఆస్టిన్, మోరిస్ కాగితాల కోసం గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆర్కైవ్‌కు ముందే రాయండి. పాత ఫోటోలకు ఇంపీరియల్ వార్ మ్యూజియం ఉంది.

తయారీ లెక్కలో ఒకటి గుర్తుంచుకోండి: ఆర్డర్ వేరు, డెలివరీ వేరు. కాంట్రాక్టులో రాసినన్ని బండ్లు ఫ్యాక్టరీ గేటు దాటాయని అనుకోవద్దు. యుద్ధం ముగిశాక రద్దైన ఆర్డర్లు ఉంటాయి. ఆస్టిన్‌కు దాదాపు 30 వేలు అని చాలా చోట్ల రాస్తారు. ఆ అంకె ఆర్డర్లదా, డెలివరీలదా అని చెప్పని చోట దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇక అందరూ బోల్తా పడేది మిగిలిన బండిని గుర్తుపట్టే దగ్గర. ఇక్కడ నిదానంగా నడవాలి.

బానెట్ మీద తెల్ల రంగుతో ఎం అక్షరం, పక్కన అంకెలు కనిపిస్తాయి. అది సైన్యం ఇచ్చిన నంబరు. చూడగానే ‘దొరికింది’ అని ఎగిరి గంతేయకండి. బండిని బాగుచేసిన ఓనరు తనకు నచ్చిన నంబరు వేయించుకుని ఉండొచ్చు, ఏదో యుద్ధకాలపు ఫోటో చూసి దింపి ఉండొచ్చు. రంగు ఎప్పటికీ సాక్ష్యం కాదు.

ఇంజిన్ నంబరునూ నమ్మొద్దు. సైనిక వర్క్‌షాపుల్లో ఇంజిన్లు మార్చేసేవారు, యుద్ధం తర్వాత కొన్న రైతులూ మార్చారు. చాసిస్ నంబరు కావాలి. కంపెనీ బిగించిన రేకు మీద ఉన్న నంబరూ చాలదు, ఎందుకంటే రేకు ఊడదీసి ఇంకో బండికి బిగించడం రెండు స్క్రూల పని. చాసిస్, రేకు, రిజిస్ట్రేషన్ పుస్తకం, ఈ మూడూ పొంతన కుదరాలి. సైన్యం కాంట్రాక్టుల వారీగా నంబర్లను వరసగా కేటాయించేది కాబట్టి, ఆస్టిన్ మీద మోరిస్ వరస నంబరు కనిపిస్తే ఆ కార్డు మీద ప్రశ్నార్థకం పెట్టి పక్కన పెట్టండి. వైమానిక దళం వాడిన టిల్లీల నంబర్ల పద్ధతే వేరు. అలాంటి బండి కోసం సైన్యం రిజిస్టర్లు తిరగేస్తే టైమ్ వేస్ట్. 1949 నుంచి సైన్యం నంబర్ల తీరే మార్చింది, కాబట్టి అప్పటికీ సర్వీసులో ఉన్న బండికి రెండో నంబరు ఉండే అవకాశం ఉంది. ఒకే బండిని రెండుగా లెక్కపెట్టేది ఇక్కడే.

అసలు టెన్షన్ ఇంకోటి. యుద్ధానికి ముందరి ఆస్టిన్ టెన్ కారును వెనక సగం కోసి, కొత్త తొట్టి పెట్టి టిల్లీ అని అమ్మొచ్చు. ముందు సగం అసలుదే కాబట్టి ఫోటోలో పట్టుకోవడం కష్టం. వెనక తొట్టి అడుగున చాసిస్‌కు బిగించిన చోట్ల ఫోటోలు అడగండి. కొత్త వెల్డింగ్ అక్కడ దాగదు. ముందు నుంచి తీసిన షో ఫోటోలు ఎన్ని పంపినా లాభం లేదు.

మ్యూజియాల జాబితాలు ముందు పెట్టుకుని లెక్కపెట్టే పద్ధతి కొందరికి ఇష్టం. నాకు నచ్చదు. అందులో షెడ్డుల్లో తుప్పు పడుతున్నవి రావు, అచ్చంగా మిగిలినవి మాత్రం తరచూ అవే.

ఓనర్లకు రాసేటప్పుడు మొదటి మెయిల్‌లోనే చాసిస్ నంబరు అడగొద్దు, దొంగ అనుకుంటారు. మీ దగ్గరున్న పాత ఫోటో ఒకటి పంపి, వాళ్ల బండి గురించి రెండు ప్రశ్నలు వేయండి. నంబరు రెండో మెయిల్‌లో అడగండి. బండి ఏ ఊళ్లో ఉందో మాత్రం ఎక్కడా పెట్టకండి.