గోడ రంగు మార్చాక కుదుటపడిన నా పని గది

ఇంట్లో పని చేసుకునే గది కళకళలాడాలని ముచ్చటపడి, బల్ల ఎదురుగా ఉన్న గోడ మొత్తానికి ముదురు పసుపు వేశాను. వారం తిరగకముందే కళ్లు మండడం మొదలైంది. వీడియో కాల్‌లో ముఖం పసుపుపచ్చగా కనిపించేది. కెమెరా పాడైందనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, కిటికీ వెలుతురు ఆ గోడకు తగిలి, పసుపును వెంటబెట్టుకుని నా ముఖం మీద పడేది.

గదంతా మళ్లీ రంగు వేయించే స్తోమత లేదు. ఆ ఒక్క గోడకే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి, పైన మెరుపు లేని లేత బూడిద రంగు రెండు పూతలు వేశాను. ప్రైమర్ మానేద్దామనే అనుకున్నాను. కానీ అట్టముక్కకు పసుపు పూసి, ఆరాక దాని మీద నేరుగా బూడిద రంగు వేసి చూస్తే అడుగు రంగు తొంగిచూసింది. ఈ అట్టముక్క పరీక్ష మొదటే చేసి ఉండాల్సింది. తడి మీద కనిపించే రంగు వేరు, ఆరాక తేలే రంగు వేరు. పగలూ రాత్రీ రెండు వేళల్లోనూ చూసుకోవాలి.

బల్లను కిటికీకి పక్కవాటుగా జరిపాను, కంప్యూటర్ తెర మీద మెరుపు తగ్గింది. పసుపు ఛాయ వెలుగునిచ్చే 2700 కెల్విన్ బల్బు తీసి, అంతకంటే తెల్లటి వెలుగునిచ్చే 4000 కెల్విన్ బల్బు పెట్టాను.

మిగిలిన పసుపును పాత పుస్తకాల అరకు వాడాను. గరుకు కాగితంతో బాగా రుద్ది, వెనక పలకకు మాత్రమే వేశాను. పుస్తకాల సందుల్లోంచి సన్నని గీతల్లా కనిపించే ఆ పసుపంటే నాకు ప్రాణం.