ఊరికే ఇచ్చే సామాను త్వరగా కదలాలంటే

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత టేబులో, పిల్లల సైకిలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే "నాకు కావాలి" అని వరసగా మెసేజీలొస్తాయి. తీసుకుపోయేదానికి మాత్రం ఒక్కరూ రారు. తిరుపతిలో మా బైరాగిపట్టెడ వైపు ఇప్పుడు ఇట్లా చేస్తున్నాము.

రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి వస్తువు మొత్తానిది, రెండోది దాని లోపానిది, బాగా దగ్గరగా తీసి. ఉబ్బిన ప్లైవుడ్ అంచో, సగం విరిగిన పెడలో, ఏదైనా సరే దాచొద్దు. అది చూసి కూడా అడిగినవాళ్లే నిజంగా వస్తారు. మంచం, బీరువా అయితే పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో రాయండి, మెట్ల మలుపులో పట్టదని వదిలేసి పోయేవాళ్లే ఎక్కువ. కింద ఒకటే మాట: "శనివారం సాయంత్రం 6 లోపల తీసుకోండి, లేకుంటే తర్వాతి పేరుకు." పేర్లు వచ్చిన వరసలోనే పిలవండి. మొహమాటానికి వరస తప్పిస్తే కిందింటి అక్క మూతి ముడుచుకుంటుంది.

మిక్సీ, ఫ్యాను తీసుకునేవాళ్లు అక్కడే ప్లగ్గు పెట్టి చూసుకోండి. గ్యాస్ స్టవ్ ఇచ్చేవాళ్లు పాత రబ్బరు ట్యూబు తీసేసి ఇవ్వండి.

పరుపులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. నల్లుల భయంతో ఎవరూ ముట్టుకోరు, వరండాలో ఉంచితే అక్టోబరు, నవంబరు వానలకు తడిసి కంపు కొడతాయి. దూది పరుపైతే నేరుగా దూది ఏకేవాళ్లకు ఇచ్చేయండి.