స్ప్లెండర్‌కి ఇంట్లోనే ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం

బండి పని సొంతంగా నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆయిల్ మార్పుతో మొదలుపెట్టడమే మంచిది. సామాను తక్కువ, పని అరగంట. చెడిపోయే చోటు మాత్రం ఒకటుంది: పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్ట్. జాగ్రత్తంతా దాని మీదే పెట్టండి.

కావలసినవి: 17 నంబరు రింగ్ స్పానర్ లేదా సాకెట్, లీటరున్నర పట్టే పాత బేసిన్, గరాటు, గుడ్డ, డ్రెయిన్ బోల్ట్‌కి కొత్త వాషర్, ఆయిల్. ఇప్పటి స్ప్లెండర్ ప్లస్‌కి 10డబ్ల్యూ30 గ్రేడు, డ్రెయిన్ చేశాక 900 మి.లీ. పడుతుంది. పాత మోడలైతే బండితో వచ్చిన పుస్తకంలోని లెక్కే తీసుకోండి. డబ్బా మీద ‘జేఏఎస్ఓ ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ (బైక్ ఆయిల్‌కి ఇచ్చే గుర్తు) అని ఉందో లేదో చూడండి. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు కూడా ఇదే ఆయిల్‌లో తడుస్తుంటాయి. ఇంట్లో మిగిలిందని కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారే ప్రమాదం ఉంది. జారితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు.

బండిని కదపకుండా ఇంజన్‌ని రెండు మూడు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పల్చబడి, అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. దూరం తిరిగొచ్చిన వెంటనే మాత్రం వద్దు, సైలెన్సర్ గొట్టం ఆ బోల్ట్ పక్కనుంచే పోతుంది, చెయ్యి కాలుతుంది. సమతలం మీద సెంటర్ స్టాండ్ వేసి, కుడివైపున్న ఆయిల్ మూత విప్పండి. గాలి ఆడితే ఆయిల్ ఆగకుండా కారుతుంది.

ఇక బోల్ట్. దాని తల నేలవైపు ఉంటుంది. మనం పైనుంచి వంగి చూస్తాం కాబట్టి తిప్పాల్సిన దిశ తారుమారుగా కనిపిస్తుంది. విప్పుతున్నామనుకుని బిగిస్తూ పోయేది ఇక్కడే. కిందనుంచి బోల్ట్ తలను చూస్తున్నట్టు ఊహించుకుని, అపసవ్యంగా తిప్పండి. నోరు తెరిచిన స్పానర్ కానీ, స్క్రూ స్పానర్ కానీ వాడితే అంచులు అరిగి గుండ్రమైపోతాయి. చివరి రెండు చుట్లు చేత్తో విప్పండి.

ధార ఆగి చుక్కలు పడేటప్పుడు, తాళంచెవి ఆఫ్ చేసి, బయటికి తీసేసి నాలుగైదు సార్లు కిక్ కొడితే మిగిలింది కూడా వస్తుంది. దిగిన ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగిన బండ్లలాంటివి ఈ కోవలోకే వస్తాయి. వాటిని స్టార్ట్ చేయకుండానే ఆయిల్ దించాలి, కొత్తది పోసి కాసేపు నడిపాక మళ్లీ మార్చాలి. వేలికి ఇనుప పెచ్చులు గుచ్చుకుంటే ఇక ఇంట్లో పని కాదు, మెకానిక్‌కి చూపించండి.

కొత్త వాషర్ వేసి, బోల్ట్‌ని చివరిదాకా చేత్తోనే ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే మర అడ్డంగా పట్టిందని అర్థం. వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఇంజన్ అడుగు అల్యూమినియం, బోల్ట్ ఇనుము. బలం పెడితే ఓడిపోయేది ఇంజనే. స్పానర్‌ని చివర కాకుండా మధ్యలో పట్టుకుని, వాషర్ నలిగి గట్టిపడేంతవరకే బిగించండి.

ముందు 800 మి.లీ. పోసి, ఇంజన్‌ని రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆయిల్ మూతకే ఉండే కొలపుల్ల (డిప్‌స్టిక్) తుడిచి, మర తిప్పకుండా ఊరికే కన్నంలో ఆనించి తీయండి. మర బిగించి చూస్తే గీత ఎక్కువగా కనిపిస్తుంది, చాలిందనుకుని ఆపేస్తారు. తక్కువైతే ముందు దెబ్బ తినేది ఇంజన్ పైభాగంలో తిరుగుతూ వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్. పై గీత దాటకుండా కొంచెం కొంచెంగా కలపండి. ఎక్కువైతే ఆయిల్ గాలి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎగదన్నుతుంది.

పాత ఆయిల్‌ని కాలువలో పారబోయకండి. ఖాళీ డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చే మెకానిక్ షెడ్డులో అప్పజెప్పండి. రాత్రి బండి కింద అట్టముక్క వేసి ఉంచండి. పొద్దున్న దాని మీద చుక్క కనిపిస్తే బోల్ట్‌ని ఇంకాస్త, అదీ పావు చుట్టు లోపే, బిగించి చూడండి. అప్పటికీ కారితే వాషర్ సరిగా కూర్చోలేదు, విప్పి మార్చాల్సిందే.