శ్రీకాకుళం నుంచి విమానంలో సరుకు పంపాలా? ముందు కొలత టేపు తీయండి

విమానంలో సరుకు పంపుదామనుకున్న ప్రతివాళ్లూ మొదట అడిగేది "కేజీకి ఎంత?" అని. ఏజెంటు ఒక రేటు చెప్తాడు, వీళ్లు దాన్ని కాటా మీద తూగిన బరువుతో గుణించుకుని సరేనంటారు, తీరా బిల్లు చేతికొచ్చాక గొడవ మొదలవుతుంది. ఎయిర్‌లైన్ మనకు అమ్మేది విమానం పొట్టలో చోటు. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే రేట్లు ఎందుకలా ఉంటాయి, ఏజెంటుకు లాభం ఎక్కడ మిగులుతుంది, మన పెట్టె ఎందుకు ఆగిపోయింది అన్నవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

లెక్క ఇది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 6000తో భాగించండి. వచ్చిందాన్ని వాల్యూమ్ బరువు అంటారు. ఇదీ, కాటా బరువూ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. బొబ్బిలి వీణ ఒకటి పంపుతున్నారనుకోండి. పనస కర్ర వీణ, చుట్టూ ఫోమ్, బయట చెక్క పెట్టె, అన్నీ కలిపి 18 కేజీలు తూగింది. పెట్టె కొలత 140 × 45 × 45. గుణించి భాగిస్తే 47.25, అరకేజీకి పైకి సర్దుతారు కాబట్టి 47.5 కేజీలు. అంటే 18 కేజీల వీణకు 47.5 కేజీల ఛార్జీ! అదే పెట్టెను ఇంటి దగ్గర తీసుకుని ఇంటి దగ్గర దింపే కొరియర్‌లో వేస్తే వాళ్లు ఎక్కువగా 5000తో భాగిస్తారు, అప్పుడది 57 కేజీల దాకా పోతుంది. పలాస జీడిపప్పుకు ఈ బాధ లేదు, చిన్న కార్టన్‌లోనే బోలెడు బరువు ఉంటుంది కాబట్టి కాటా బరువే పడుతుంది. కొలిచేటప్పుడు పెట్టె బయటి అంచు నుంచి, కింద కొట్టిన చెక్క ముక్కలు, పక్క పిడులతో సహా కొలవండి. కార్గో టెర్మినల్‌లో మళ్లీ కొలుస్తారు, అక్కడ రెండు సెంటీమీటర్లు పెరిగినా కాగితాలు తిరగరాయాల్సి వస్తుంది.

వీణ మెడ కింద ఉండే చిన్న బుర్ర ఊడదీసే రకమైతే దాన్ని విడిగా చుట్టి లోపలే సర్దండి, పెట్టె ఎత్తు 45 నుంచి 38కి దిగిందంటే వాల్యూమ్ బరువు 40 కేజీలకు వచ్చేస్తుంది. బాగానే ఉంది కానీ అప్పుడే సంబరపడకండి, ఎందుకంటే రేట్లకు మెట్లుంటాయి. 45 కేజీల లోపు ఒక రేటు, 45 దాటితే ఇంకోటి, తర్వాత 100, 300, 500, 1000. పైకి వెళ్లేకొద్దీ కేజీ రేటు తగ్గుతుంది. ఊరికే లెక్క కోసం 45 లోపు 240 రూపాయలు, 45 దాటితే 180, 100 దాటితే 150 అనుకుందాం. 40 కేజీలకు 240 చొప్పున 9,600. అదే 45 కేజీలని రాయించుకుని 180 చొప్పున కడితే 8,100 చాలు. లేని బరువుకు కట్టినా చవకే, ఇది పూర్తిగా పద్ధతి ప్రకారం చేసేదే, మోసమేం లేదు. అలాగే 45 ఎత్తు పెట్టెలు రెండు కలిసి 94.5 కేజీలొస్తే 180 చొప్పున 17,010 అవుతుంది, 100 కేజీలకు కడితే 15,000. మంచి ఏజెంటు తనే చెప్తాడు. చెప్పకపోతే మీరడగండి, "పై మెట్టుకు వేస్తే ఎంత?" అని. దీని పైన ఇంధనం సర్‌ఛార్జీ, సెక్యూరిటీ, ఎక్స్‌రే, టెర్మినల్ ఛార్జీలు, ఎయిర్‌వే బిల్లు (విమానంలో వేసిన సరుకుకు ఇచ్చే రసీదు కాగితం) ఫీజు, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు ఉంటాయి. అన్నీ కలిపి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి, నోటిమాట వద్దు.

ఇక ఏజెంటు, అంటే ఫార్వర్డర్ ఎలా బతుకుతాడో చూడండి, ఇది నాకు ఈ వ్యాపారంలో అన్నిటికంటే నచ్చే భాగం. నాలుగు వీణ పెట్టెలు వచ్చాయి, కాటా బరువు 72, వాల్యూమ్ 189. మీ దగ్గర 189కి వసూలు చేస్తాడు. ఇంకొకరి పొందూరు ఖద్దరు బేళ్లు వచ్చాయి, కాటా బరువు 200, వాల్యూమ్ 100. వాళ్ల దగ్గర 200కి తీసుకుంటాడు. మొత్తం 389 కేజీలకు డబ్బు అతని చేతికొచ్చింది. రెండూ కలిపి ఒకే బుకింగ్‌గా ఎయిర్‌లైన్‌కు ఇచ్చినప్పుడు కాటా బరువు 272, వాల్యూమ్ 289. ఎక్కువది 289, అతను కట్టేది దానికే. మధ్యలో వంద కేజీల డబ్బు మిగిలింది, అదీ కాక ఇంకొంచెం సరుకు కలిపి 300 దాటిస్తే పై మెట్టు చవక రేటు కూడా తనకే. తేలికపాటి సరుకునూ బరువు సరుకునూ జత చేయడమే అతని చాకచక్యం. ఇందులో తప్పేం లేదు, అతను లేకపోతే నాలుగు పెట్టెలకు ఎయిర్‌లైన్ మనతో మాట్లాడదు కూడా. కాకపోతే ఈ లెక్క తెలిసినవాళ్లు బేరం ఆడగలరు. మీది జీడిపప్పు, ఖద్దరు, ఇత్తడి లాంటి బరువు సరుకైతే అతనికి మీరు కావాలి, ఆ ధీమాతో రేటు అడగండి.

మన దగ్గర్నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలి? విశాఖ ఎయిర్‌పోర్ట్ నేవీ వాళ్ల స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త ఎయిర్‌పోర్ట్ ఇంకా దగ్గర, రన్‌వే 3.8 కిలోమీటర్లు. అయితే ఎయిర్‌పోర్ట్ దగ్గరగా ఉండటం వేరు, అక్కడ్నుంచి పెద్ద విమానం ఎగరడం వేరు. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి సన్న విమానాల పొట్టలో మనిషి నిటారుగా నిలబడలేడు, లోడర్లు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పెట్టెనూ లోపలికి తోస్తారు. పెట్టె పొడవు, ఎత్తు ఆ తలుపులో పట్టాలి, ఒక్కో పెట్టె చేత్తో లేపగలిగేంత బరువే ఉండాలి. పెద్ద విమానాల్లో అయితే పది అడుగులకు ఎనిమిది అడుగుల అల్యూమినియం ప్యాలెట్ మీద సరుకు పేర్చి, వల కట్టి, మొత్తంగా లోపలికి దొర్లిస్తారు. అందుకే మన ప్రాంతం నుంచి పెద్ద పార్సెళ్లు తరచు లారీలో హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి అక్కడ ఎగురుతాయి. లారీ ప్రయాణాన్ని కూడా ఎయిర్‌లైన్ తన విమానం నంబరు మీదే నడపొచ్చు, కాగితంలో విమానం ఎక్కినట్టే కనిపిస్తుంది, అసలు బండి ఇంకా హైవే మీదే ఉంటుంది.

ప్రయాణికుల విమానంలో ముందు హక్కు ప్రయాణికుల సామాన్లది, మనది ఆ తర్వాత. సెలవులు, పండగ రోజుల్లో గల్ఫ్ విమానాల సంగతి మీకు చెప్పక్కర్లేదు, అందరూ రెండేసి పెద్ద బ్యాగులతో వస్తారు, చోటు నిండిపోతే మన పెట్టె కిందే ఉండిపోతుంది. దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు. బుకింగ్ ఖాయమన్నారు కదా అని గొడవపడి లాభం లేదు, తర్వాతి విమానం ఎప్పుడో కనుక్కోవాలి. పెళ్లికో ఎగ్జిబిషన్‌కో అందాల్సిన సరుకైతే మూడు నాలుగు రోజులు ముందు పెట్టుకోండి. విమానం గాల్లో ఉండేది కొన్ని గంటలే, మిగతా టైమంతా నేల మీదే పోతుంది.

అసలు మీ సరుకు విమానం ఎక్కాల్సిందేనా అన్నది కూడా ఆలోచించండి. ప్రపంచ వాణిజ్యంలో విలువ పరంగా మూడో వంతు దాకా విమానాల్లో వెళ్తుంది, పరిమాణం చూస్తే ఒక శాతం కూడా ఉండదు. టన్నులకొద్దీ జీడిపప్పు, ఫ్రోజెన్ రొయ్య ఓడలో కంటైనర్‌లో పోవాల్సినవే. జీడిపప్పు శాంపిళ్లు, ఆలస్యమైన ఆర్డరు, చీరలు, వీణ, ఇవి విమానానికి సరిపోతాయి. తమాషా ఏంటంటే వనామీ రొయ్య ఓడలో వెళ్తుంది కానీ దాని తల్లి రొయ్య విమానంలో వస్తుంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల కోసం విదేశాల నుంచి ప్రాణాలతో చెన్నైలో దిగి, అక్కడ నీలాంకరై క్వారంటైన్‌లో ఉండి ఆ తర్వాతే తీరం పొడవునా వెళ్తుంది.

పంపకూడనివి చూసుకోండి. ఉద్దానం వాళ్లు ముఖ్యంగా వినండి, ఎండుకొబ్బరి విమాన నిబంధనల్లో ప్రమాదకర సరుకు కింద లెక్క, నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. "అమ్మ పెట్టిన నాలుగు చిప్పలే కదా" అంటే ఎవరూ వినరు. హారతి కర్పూరం కూడా మండే పదార్థమే. విడి లిథియం బ్యాటరీలు ప్రయాణికుల విమానంలో వెళ్లవు. ఆవకాయ ప్రమాదకరం కాదు గానీ నూనె కారితే పక్కవాళ్ల ఖద్దరు కూడా పాడవుతుంది, సీల్ వేసి రెండు కవర్లలో పెట్టి, పీల్చుకునే కాగితం చుట్టండి. చెక్క పెట్టె వాడితే ఆ చెక్కను వేడితోనో మందుతోనో శుద్ధి చేసినట్టు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, లేదంటే అవతలి దేశంలో పెట్టె వెనక్కి పంపుతారు లేదా తగలబెడతారు. వీణ మీద అలంకారానికి పాత దంతం, కొమ్ము లాంటివి ఉంటే అసలు ముట్టుకోవద్దు.

కాగితాల విషయానికొస్తే, వ్యాపారంగా పంపాలంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ దగ్గర ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్ నంబరు తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు అప్‌డేట్ చేయాలి. బ్యాంకులో ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు ఏ బ్యాంకు ద్వారా వస్తుందో చెప్పే నంబరు) తీసుకుని కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు చేయించాలి. జీఎస్టీ ఉన్నవాళ్లు ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే పన్ను కట్టకుండా ఎగుమతి చేయొచ్చు, లేకపోతే ముందు కట్టి తర్వాత రీఫండ్ కోసం ఎదురుచూడాలి. ఆ తర్వాత ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, తినే సరుకైతే దానికి సంబంధించిన సర్టిఫికెట్లు. వీటితో కస్టమ్స్ బ్రోకర్ షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి అనుమతికి పెట్టే కాగితం వేస్తాడు, కస్టమ్స్ వాళ్లు ఎగుమతికి అనుమతి ఇస్తేనే సరుకు కదులుతుంది. అమెరికాకు పంపేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి, 800 డాలర్ల లోపు పార్సెళ్లకు సుంకం లేదన్న పాత వెసులుబాటును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు.

ఎయిర్‌వే బిల్లు నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి మూడు ఎయిర్‌లైన్‌వి, 098 అంటే ఎయిర్ ఇండియా, 176 అంటే ఎమిరేట్స్, 157 ఖతార్. ఫార్వర్డర్ మీకిచ్చేది తన సొంత హౌస్ బిల్లు కావచ్చు, ఎయిర్‌లైన్ సైటులో వెతకాలంటే ఎయిర్‌లైన్ బిల్లు మీదుండే మాస్టర్ నంబరు కావాలి, అడిగి తీసుకోండి. ట్రాకింగ్‌లో ఆర్‌సీఎస్ అంటే సరుకు ఎయిర్‌లైన్ చేతికి చేరింది, డీఈపీ అంటే బయల్దేరింది, ఆర్‌సీఎఫ్ అంటే అక్కడ దిగింది, డీఎల్‌వీ అంటే అప్పగించేశారు. ఆర్‌సీఎస్ రాకపోతే మీ పెట్టె ఇంకా ఏజెంటు గోడౌన్‌లో ఉన్నట్టే, అతను ఫోన్‌లో "వెళ్లిపోయింది సార్" అన్నా నమ్మకండి.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఓడ సరుకులో ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు కాగితం మన చేతిలో ఉంటే కొనేవాడు డబ్బు కట్టేదాకా సరుకు ఆపొచ్చు. ఎయిర్‌వే బిల్లుకు ఆ శక్తి లేదు. అందులో ఎవరి పేరుంటే వాళ్లు వెళ్లి తీసేసుకుంటారు, మీకు పైసా ఇవ్వకపోయినా సరే. కొత్త పార్టీ అయితే పూర్తి అడ్వాన్స్ తీసుకోండి, కుదరకపోతే ముందే ఒప్పించి అక్కడి బ్యాంకు పేరు మీద పంపండి. దుబాయ్‌లో మనూరివాడే కదా అని మొహమాటపడితే ఆ తర్వాత ఫోన్ ఎత్తడు.

రాయక తప్పనిది ఒకటుంది. గల్ఫ్‌లో మనవాళ్లు ఎవరైనా పోతే భౌతికకాయం కూడా కార్గోగానే వస్తుంది, దానికీ ఎయిర్‌వే బిల్లు ఉంటుంది. మరణ ధ్రువీకరణ, ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందు ఎక్కించడం) సర్టిఫికెట్, భారత ఎంబసీ ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్ట్ కావాలి. ఇంట్లోవాళ్లు ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర గంటలు గంటలు నిలబడకుండా, ముందే బిల్లు నంబరు, విమానం నంబరు కనుక్కుని నేరుగా కార్గో టెర్మినల్‌కు వెళ్లాలి. గుర్తింపు కార్డుతో దగ్గరి బంధువు ఒకరు, అంబులెన్స్ సిద్ధంగా ఉంటే చాలు.

చివరగా నష్టం సంగతి. విమాన రవాణాపై దేశాల మధ్య కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సరుకు పోయినా పాడైనా ఎయిర్‌లైన్ ఇవ్వాల్సిన గరిష్ఠ మొత్తం కేజీకి 26 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకు వాడే యూనిట్), 2024 డిసెంబర్ 28 నుంచి ఇదే, సుమారు 35 డాలర్ల చుట్టూ ఉంటుంది. అరకేజీ తూగే సన్న నూలు పొందూరు చీరకు అది ఏ మూలకూ రాదు, వీణకు మీరు 47.5 కేజీల ఛార్జీ కట్టినా పరిహారం 18 కేజీలకే చూస్తారు. కాబట్టి విలువైన సరుకుకు విడిగా ఇన్సూరెన్స్ చేయించండి. అక్కడ తీసుకునేవాళ్లకు కూడా చెప్పి ఉంచండి, పెట్టె నలిగినట్టు, తడిసినట్టు కనిపిస్తే "బాగానే అందింది" అని సంతకం పెట్టకుండా అదే కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, అక్కడే ఫోటో తీయమని. పాడైనదానికి అందిన 14 రోజుల్లోపు, ఆలస్యానికైతే 21 రోజుల్లోపు ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. ఏజెంటుకు వాట్సాప్ పెట్టి ఊరుకుంటే సరిపోదు.